అక్కడ జై తెలంగాణ, ఇక్కడ నో

2014 సెప్టెంబర్ 18, గురువారం. ఎడిన్‌బరాలో పొద్దున్నుంచీ పొగమంచు వదల్లేదు. మా వీధి చివరి ప్రైమరీ స్కూల్లో పోలింగ్. ఆఫీసుకు పోయేలోపే ఓటేద్దామని ఏడున్నరకే వెళ్లాను. వేలికి సిరా పూయలేదు, గుర్తింపు కార్డు అడగలేదు. పేరు, అడ్రసు చెబితే ఒక పెద్దావిడ జాబితా మీద స్కేలు పెట్టి నా పేరు కొట్టేసి కాగితం చేతికిచ్చింది. దాని మీద ఒకటే ప్రశ్న: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? కింద రెండు గళ్లు, ఎస్, నో. పక్కన దారానికి కట్టిన పెన్సిల్.

నేను నో గడిలో ఇంటూ పెట్టాను.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. నల్లగొండలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. బాపుకు మొదట నమ్మకం కుదరలేదు. "గాడ నీకు ఓటెట్ల ఇచ్చిన్రు బిడ్డా?" అన్నాడు. చెప్పాను. ఏం వేశానో అడిగాడు, అదీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మనం కొట్లాడి తెచ్చుకుని గిన్ని దినాలు కాలే. నువ్వు వాళ్లకు వద్దని ఏసి వచ్చినవా?"

అదే సాయంత్రం గ్లాస్గో నుంచి వరంగల్ అన్న ఫోన్ చేశాడు. మేమిద్దరం ఒకే ఏడాది చదువుకు వచ్చినవాళ్లం, ఆయన ఎస్ వేశాడు. "తమ్మీ, అక్కడ జై తెలంగాణ, ఇక్కడ నో థ్యాంక్సా? ఇదేం లెక్క?" అని నిలదీశాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లు మనసులో నలిగిన జవాబు ఇది.

ముందు, మాకు ఓటెలా వచ్చిందంటే: స్కాట్లాండ్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులందరికీ ఆ రెఫరెండంలో ఓటుంది. యూరోపియన్ యూనియన్ పౌరులకూ ఉంది. పదహారేళ్లు నిండిన పిల్లలకూ ఇచ్చారు. అదే స్కాట్లాండ్‌లో పుట్టి లండన్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్లకు లేదు. భారత పాస్‌పోర్టుతో వర్క్ వీసా మీద ఉన్న నాకు ఒక దేశం పుట్టాలా వద్దా అనే విషయంలో ఓటుండటం నాకు చాలా బరువుగా అనిపించింది. అందుకే ఆ వేసవంతా అందర్నీ అడుగుతూ తిరిగాను. ఆఫీసులో, బస్సులో, మంగలి షాపులో ఎక్కడ చూసినా అదే మాట. మన దగ్గర ఎన్నికల ముందు హోటల్లో టీ తాగుతూ మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. చివరికి 84.6 శాతం మంది ఓటేశారు.

తెలంగాణ ఎందుకు కావాలనుకున్నానో కూడా చెప్పాలి. మా నానమ్మ నడుము నలభై దాటకముందే వంగిపోయింది. మా ఊళ్లో అలా వంగినవాళ్లు ఇంటికొకరు ఉండేవారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది, కృష్ణ మా పక్కనుంచే పారుతుంది, కానీ మా బిందెలోకి ఆ నీళ్లు రాలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల్లో మొదటిది మాకు నినాదం కాదు, నానమ్మ నడుము. మా నీళ్ల గురించి నిర్ణయం చేసేవాడు మాకు జవాబుదారీగా ఉండాలన్నదే మా కోరిక.

మరి 2014 జూన్ 2 తెల్లారి మా ఇంట్లో ఏం మారింది? జేబులో రూపాయి అదే. పాస్‌పోర్టు అదే. రిజర్వు బ్యాంకు అదే, రైలు టికెట్ అదే. మా చిన్నమ్మ కూతురు గుంటూరులో కాపురముంటోంది, ఆమెను చూడటానికి వెళ్లే బస్సూ అదే. మేం వేరు రాష్ట్రం అడిగాం, వేరు దేశం అడగలేదు. ఉద్యమం ఎంత వేడిగా ఉన్నప్పుడు కూడా రూపాయి ఉంటుందా పోతుందా అని ఒక్కరూ అడగాల్సిన అవసరం రాలేదు.

స్కాట్లాండ్‌లో మా ప్రశ్నలాంటిది 1997లోనే అడిగారు. మీకు సొంత పార్లమెంటు కావాలా అంటే 74 శాతం మంది కావాలన్నారు. 1999లో అది వచ్చింది. అప్పట్నుంచీ ఆసుపత్రులు, బడులు, పోలీసులు, కోర్టులు, తాగునీళ్లు అన్నీ ఎడిన్‌బరాలోని హోలీరూడ్, అంటే ఆ పార్లమెంటు చేతిలోనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ ఫీజు 9,000 పౌండ్లకు పోతే, ఇక్కడి పిల్లలకు ఇక్కడ ఫీజు లేదు. 2011 నుంచి డాక్టర్ రాసిన మందుకు మందులషాపులో పైసా కట్టనక్కర్లేదు. మేం దశాబ్దాల తరబడి కొట్లాడింది ఏదో, దానికి దగ్గరగా ఉన్నది వాళ్ల చేతికి పదిహేనేళ్ల ముందే వచ్చింది. 2014 ప్రశ్న దాన్ని దాటిన ప్రశ్న. కరెన్సీ, సైన్యం, పాస్‌పోర్టు, పెన్షన్, అప్పులు, అన్నీ విడగొట్టుకోవాలా అన్న ప్రశ్న. రెండూ "విడిపోవడమే" కదా అని ఒకే గాటన కట్టేస్తే, నో వేసిన ఇరవై లక్షల మంది ఏం ఆలోచించారో ఎప్పటికీ అర్థం కాదు.

మా మెట్లకింద ఇంట్లో ఒక పెద్దామె ఉండేది. డెబ్బై ఆరేళ్లు. స్కూల్ క్యాంటీన్‌లో వండి పెట్టి రిటైరైంది. భర్త లీత్ రేవులో పనిచేసి పోయాడు. నన్ను "సన్" అని పిలిచేది, ఇక్కడ కుర్రవాళ్లను పెద్దవాళ్లు అలాగే పిలుస్తారు. నేను మనసులో పెద్దమ్మ అనుకునేవాణ్ని. ఆమె వంటగదిలో గిన్నెలు తుడిచే గుడ్డ మీద స్కాట్లాండ్ జెండా. జనవరి 25న స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజుకు హ్యాగిస్ వండి నాకూ ఒక గిన్నెలో పంపేది. స్కాట్లాండ్ అంటే ఆమెకు ఎంత ప్రాణమో చెప్పడానికి ఇంకేం కావాలి?

ఆగస్టు నాటికి మా వీధిలో కిటికీ కిటికీకి ఎస్ పోస్టర్లు. మా పైన ఉండే యూనివర్సిటీ కుర్రాడి కిటికీలో పెద్ద నీలం పోస్టర్. పెద్దమ్మ నో స్టిక్కర్‌ను కిటికీకి అంటించలేదు. ఫ్రిజ్ తలుపు లోపలివైపు, పాలసీసా పెట్టే చోట అంటించుకుంది. నేను టీకి వెళ్లి పాలు తీస్తుంటే కనబడింది. ఎందుకిక్కడ అంటే, "బయట పెడితే నేను స్కాట్‌నేనా అని అడుగుతారు, సన్. డెబ్బై ఆరేళ్లకు ఆ పరీక్ష నేను రాయను" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే మా ఉద్యమంలో మేమూ ఆ పని చేశాం. కొంచెం అనుమానం చెప్పినవాణ్ని ద్రోహి అన్నాం. కరెన్సీ గురించి అడిగినంత మాత్రాన ఒక ముసలామె తన ఇంట్లో తన అభిప్రాయాన్ని ఫ్రిజ్‌లో దాచుకోవాల్సి రావడం నాకు తప్పుగా తోచింది, ఇప్పటికీ తోస్తోంది.

ఆమె కారణాలు రెండే. ఒకటి పెన్షన్. భర్త పోయాక ఆమెకున్న ఆధారం అదే. "ఏ నోట్లలో ఇస్తారో చెప్పమను, అప్పుడు మాట్లాడదాం" అనేది. రెండోది న్యూకాజిల్‌లో నర్సుగా ఉన్న కూతురు, ఇద్దరు మనవలు. కారులో రెండున్నర గంటల దారి. సరిహద్దులో ఎవరూ ఆపరని ఎస్ పక్షం గట్టిగానే చెప్పింది, ఐర్లండ్‌తో ఉన్న ఏర్పాటే ఉంటుందంది. నేనూ ఆ మాటే ఆమెకు చెప్పాను. "ఆపకపోవచ్చు. కానీ నా మనవలు నాకు విదేశీయులెందుకు కావాలి?" అంది. దీనికి ఏ శ్వేతపత్రంలోనూ జవాబుండదు.

పెన్షన్ ప్రశ్నకు మాత్రం జవాబుండాలి. అక్కడే ఎస్ పక్షం దెబ్బతింది. 2013 నవంబర్‌లో స్కాట్లాండ్ ప్రభుత్వం 600 పేజీలు దాటిన శ్వేతపత్రం విడుదల చేసింది. అందులో కరెన్సీ సంగతి: పౌండ్ ఉంటుంది, లండన్‌తో కలిసి పంచుకుంటాం అని. మరుసటి ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఎడిన్‌బరా వచ్చి, విడిపోతే పౌండ్ పంచుకోం అని తేల్చేశాడు. లేబర్, లిబరల్ డెమొక్రాట్ పార్టీలూ అదే మాటన్నాయి. ఆగస్టు 5న టీవీ చర్చలో, నో ప్రచారానికి నాయకుడైన అలిస్టర్ డార్లింగ్, స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సాల్మండ్‌ను పదే పదే అడిగాడు, వాళ్లు ఒప్పుకోకపోతే మీ రెండో దారి ఏమిటని. పౌండ్ మాదే, వాళ్లు ఒప్పుకుంటారు అన్న మాట దగ్గరే సాల్మండ్ ఆగిపోయాడు. పెద్దమ్మ, నేను ఆ చర్చ కలిసే చూశాం. ఆమె అల్లుతున్న స్వెట్టర్ పక్కన పెట్టి, "చెప్పు మరి" అంది టీవీతో. ఆయన చెప్పలేదు.

ఇది చిన్న విషయం కాదు. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంతంగా పౌండ్ నోట్లు అచ్చేస్తాయి. లండన్ వెళ్లినప్పుడు ఆ నోటిస్తే కొన్ని షాపుల్లో తిప్పి తిప్పి చూస్తారు. నాకే చాలాసార్లు అయింది. ఆ నోటు మీద బొమ్మ స్కాట్లాండ్‌దైనా, దాని వెనక నిలబడేది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంచిన సొమ్మే. 2008లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ కూలబోతే నిలబెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం 4,500 కోట్ల పౌండ్లు పెట్టింది. యాభై మూడు లక్షల జనాభా ఉన్న దేశం ఒక్కటే ఆ బరువు మోయగలిగేదా? గ్రీసు కథ అప్పటికింకా టీవీల్లో నడుస్తూనే ఉంది. సొంత కరెన్సీ లేని దేశం అప్పుల్లో పడితే పెన్షన్లకు ఏమవుతుందో అందరూ చూశారు.

నేను ఫైనాన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పనిచేసేవాణ్ని. మా కస్టమర్లలో ఎక్కువమంది ఇంగ్లండ్‌లోనే. ఇరవై ఐదేళ్ల తర్వాత డబ్బు తీసుకోవాల్సిన మనిషి, అది ఏ కరెన్సీలో వస్తుందో, ఏ దేశపు చట్టం కింద వస్తుందో అడుగుతాడు కదా. ఎడిన్‌బరాలోని పెద్ద పెన్షన్ కంపెనీ స్టాండర్డ్ లైఫ్ ఫిబ్రవరిలోనే, అవసరమైతే వ్యాపారంలో కొంత ఇంగ్లండ్‌కు మార్చుకుంటామని ప్రకటించింది. ఎన్నికకు వారం ముందు పెద్ద బ్యాంకులూ అదే చెప్పాయి. అది బెదిరింపని ఎస్ మిత్రులు మండిపడ్డారు. మా ఆఫీసులో పక్క సీట్లో ఇంటి లోను కడుతున్నవాడికి అది బెదిరింపులా వినబడలేదు, తన ఉద్యోగం గురించిన వార్తలా వినబడింది.

నూనె సంగతి కూడా చూడండి. ఉత్తర సముద్రపు చమురే కొత్త దేశానికి ఆసరా అని ప్రచారం. లెక్కలు బ్యారెల్ 110 డాలర్ల దగ్గర వేశారు. ఆ చమురు మీద బతికే ఊరు ఆబర్డీన్. అక్కడ 58.6 శాతం నో. ధర ఎలా పడుతుందో, పడ్డప్పుడు వీధులెలా ఖాళీ అవుతాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2015 జనవరిలో బ్యారెల్ 50 డాలర్ల కిందికి పోయింది.

ఓటింగ్ అయ్యాక లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ చేయించిన సర్వేలో, నో వేసినవాళ్లను ప్రధాన కారణం అడిగితే 47 శాతం మంది కరెన్సీ, ఉద్యోగాలు, ధరలు, యూరప్ సభ్యత్వం లాంటి రిస్కులు అన్నారు. 27 శాతం బ్రిటన్ మీద మమకారం అన్నారు. 25 శాతం మంది చెప్పిన కారణమే నాది కూడా: బ్రిటన్‌లో ఉంటూనే స్కాట్లాండ్ పార్లమెంటుకు ఇంకా అధికారాలు వస్తాయన్నది. ఆ 47 శాతాన్ని పట్టుకునే "భయపడ్డారు, ఓడారు" అని తేల్చేశారు. దీనితో నేను ఒప్పుకోను. ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బును కొత్త చిట్టీలో పెట్టనివాణ్ని మన ఊళ్లో పిరికివాడు అనం. బాధ్యత ఉన్నవాడంటాం. అరవై ఐదు దాటినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది నో వేశారంటే, మళ్లీ సంపాదించుకునే వయసు దాటినవాళ్లు ఉన్నదాన్ని కాపాడుకున్నారని అర్థం. గ్లాస్గోలో, డండీలో ఎస్ గెలిచింది. ఉన్నదే తక్కువైన పేటల్లో జనం మార్పు కోరారు, అదీ న్యాయమే. ఇద్దరూ తమ బతుకునే లెక్కేసుకున్నారు.

వరంగల్ అన్న వాదనలో ఒక దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. 2010లో స్కాట్లాండ్‌లోని 59 సీట్లలో కన్సర్వేటివ్‌లు గెలిచింది ఒక్కటి. అయినా ప్రధాని వాళ్లవాడే. గ్లాస్గోకు దగ్గర్లో ఫాస్లేన్‌లో అణుబాంబుల సబ్‌మెరీన్లు, ఇక్కడి జనంలో చాలామంది వద్దన్నా ఉంటాయి. "ఇది మన మీద నడిచిన పెత్తనం కథే కదా తమ్మీ" అంటాడు. కొంత నిజం. కానీ ఆ ముందు పదమూడేళ్లు ఏలిన లేబర్‌కే స్కాట్లాండ్ ఎక్కువ సీట్లిచ్చింది. ఆ చివరి మూడేళ్లు ప్రధాని గార్డన్ బ్రౌన్, ఆర్థికమంత్రి డార్లింగ్, ఇద్దరూ స్కాట్‌లే. ఐదేళ్లకోసారి మారే ప్రభుత్వం మీద కోపంతో మూడు వందల ఏళ్ల ఏర్పాటును తీసేయడం సరైన మందని నాకనిపించలేదు.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. నో ఓటు అన్నిటికంటే ఎక్కువ పడింది ఆర్క్‌నీ దీవుల్లో, 67.2 శాతం. ఆ దీవులు పదిహేనో శతాబ్దంలో నార్వే రాజ్యం కింద ఉండేవి. డెన్మార్క్, నార్వేల రాజు తన కూతురు మార్గరెట్‌ను స్కాట్లాండ్ రాజుకిచ్చి చేసినప్పుడు కట్నం డబ్బు చేతిలో లేక, 1468లో ఆర్క్‌నీని, మరుసటేడు షెట్లాండ్‌ను తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు విడిపించనేలేదు. అలా కట్నం బాకీ కింద స్కాట్లాండ్‌కు వచ్చిన మనుషులు వాళ్లు. సెలవుల్లో అక్కడికి వెళ్తే పడవ దగ్గర ఒకాయన నాతో అన్నాడు: "మాకు లండనూ దూరమే, ఎడిన్‌బరా కూడా దూరమే." అధికారమంతా ఎడిన్‌బరాలో పోగైతే తమకు ఒరిగేదేమిటన్నది ఆయన అనుమానం. హైదరాబాద్ గురించి ఆదిలాబాద్‌లో, అమరావతి గురించి శ్రీకాకుళంలో ఇలాంటి మాట విన్నవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు.

ఇప్పుడు నాకు కష్టమైన భాగం. నో కారణాల్లో ఒకటి తర్వాత నిలువునా కూలిపోయింది. మా టీంలో ఒక పోలండ్ అమ్మాయి ఉండేది. విడిపోతే స్కాట్లాండ్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటపడుతుంది, మళ్లీ చేరడం చాలా కష్టం అని యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు బరోసోనే అన్నాడు కాబట్టి ఆమె నో వేసింది. 2016లో బ్రెగ్జిట్ ఓటు వచ్చింది, బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా బయటికి పోవాలా అని. ఈసారి కామన్వెల్త్ పౌరుడిగా నాకు ఓటుంది, యూరప్ పౌరురాలైన ఆమెకు లేదు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలన్నారు, 32 కౌన్సిళ్లలో ఒక్కటి కూడా బయటికి పోదామనలేదు. అయినా మొత్తం బ్రిటన్ లెక్కలో బయటికే పోయింది. జూన్ 24 పొద్దున ఆమె నా డెస్క్ దగ్గరికి వచ్చి, "నేను దేనికోసం నో వేశానో అదే పోయింది" అంది. నేనేమీ అనలేకపోయాను. ఆమెలాంటి చాలామంది తర్వాత ఎస్ వైపు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

కానీ అదే బ్రెగ్జిట్ ఇంకో పని కూడా చేసింది. 2014లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ రెండూ యూరప్‌లోనే ఉంటాయనుకున్నప్పుడు వాటి మధ్య సరిహద్దు కాగితం మీద గీతే. ఇప్పుడు స్కాట్లాండ్ విడిపోయి యూరప్‌లో చేరితే ఆ గీత మీద సరుకుల తనిఖీ వచ్చి కూర్చుంటుంది. స్కాట్లాండ్ బయటికి అమ్మే సరుకూ సేవల్లో సగానికి పైగా పోయేది మిగతా బ్రిటన్‌కే. యూరప్‌ను పోగొట్టుకున్న బాధ ఎంత నిజమో, ఇంగ్లండ్ మార్కెట్‌కు అడ్డంగా గేటు పెట్టుకుంటే వచ్చే నష్టమూ అంతే నిజం. మళ్లీ ఓటు వస్తే నేను ఈ రెంటినీ మళ్లీ మొదట్నుంచి తూచుకోవాలి. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు, లండన్ ఒప్పుకోకుండా హోలీరూడ్ రెఫరెండం పెట్టలేదని చెప్పింది కాబట్టి ఆ రోజు ఎప్పుడొస్తుందో మరి.

నన్ను నొప్పించిన ఇంకో లెక్క ఉంది. ఓటర్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్లలో సగానికి కొంచెం పైగా ఎస్ వేసినట్టు, మిగతా బ్రిటన్‌లో పుట్టినవాళ్లలో 72 శాతం, నాలాగా బయటి దేశాల్లో పుట్టినవాళ్లలో 57 శాతం నో వేసినట్టు తేలింది. పరాయివాళ్ల వల్ల ఓడామన్న మాట నా చెవిన పడింది. ఆ మాట సాల్మండ్ పార్టీ అధికారికంగా ఎన్నడూ అనలేదు, ఇక్కడ ఉండేవాళ్లందరికీ ఓటిచ్చిందే వాళ్లు. అందుకు వాళ్ల మీద నాకు గౌరవం. పన్ను కడుతూ, ఇక్కడి ఆసుపత్రిలో పిల్లల్ని కంటూ, ఇక్కడి చలిలో బతికే మనిషి ఓటు కూడా ఇక్కడి ఓటే.

నో గెలిచింది. 20,01,926 ఓట్లు, 55.3 శాతం. ఎస్‌కు 16,17,989. కానీ నో నాయకులు ఆ ఓటర్ల మనసు తెలుసుకున్నారని నేననుకోను. ప్రచారమంతా నష్టాల జాబితా చదివారు. పెద్దమ్మ జెండా గుడ్డ గురించి, మనవల గురించి, ఆమె స్కాట్‌గానూ బ్రిటిష్‌గానూ ఒకేసారి ఉండగలగడం గురించి మనసుకు తగిలేలా మాట్లాడింది దాదాపుగా గార్డన్ బ్రౌన్ ఒక్కడే, అదీ పోలింగ్ ముందు రోజు.

19 తెల్లవారి ఫలితం తేలాక నేను కిందికి వెళ్లాను. పెద్దమ్మ రాత్రంతా నిద్రపోలేదు. టీవీలో ప్రధాని కామెరాన్ తన ఇంటి గుమ్మం ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. ఇంకా అధికారాలిస్తామని స్కాట్లాండ్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటామన్నాడు. ఆ వెంటనే, ఇంగ్లండ్ చట్టాల మీద ఇంగ్లండ్ ఎంపీలే ఓటేసేలా మార్పు తేవాలని ఎత్తుకున్నాడు. ఫలితం వచ్చి గంటలు కాలేదు. ఆమె రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది.

"నేను ఆయన కోసం వేయలేదు, సన్" అంది.

పైన కుర్రాడి ఇంట్లో చప్పుడే లేదు. పొద్దున మెట్ల మీద కనబడ్డాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి అని చెప్పాను. ఆమె లేచి కెటిల్ మళ్లీ పెట్టింది. ఇంకో కప్పు టీ కలిపి, పక్కన రెండు షార్ట్‌బ్రెడ్ ముక్కలు పెట్టి నా చేతికిచ్చింది. రెండు చెంచాల చక్కెర వేశాను, వాడికి అలాగే ఇష్టం, చల్లారకముందే తీసుకెళ్లు అంది.